కేబుల్ అనుమతి ఊరి చేతిలోనా, రాష్ట్రం చేతిలోనా? అమెరికా పట్టణాల తగువు మనకేం చెబుతోంది

నిన్నటిదాకా వచ్చిన తెలుగు చానల్ ఇవాళ టీవీలో కనిపించదు. కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే "పైనుంచే రావట్లేదండీ" అంటాడు. ఆ పైన ఎవరుంటారో, వాళ్లను ఎక్కడ పట్టుకోవాలో మనకు తెలియదు. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్... ఏ ఊరి తెలుగు ఇంటికైనా ఇది కొత్త అనుభవం కాదు.

అమెరికాలో చాలాకాలం ఈ ప్రశ్నకు సూటి జవాబు ఉండేది. కేబుల్ కంపెనీ మీద కోపం వస్తే ఊరి సిటీ హాల్‌కు వెళ్లి కౌన్సిల్ మీటింగ్‌లో నిలబడి అడిగేవారు. ఎందుకంటే ఆ కంపెనీకి ఊళ్లో తీగలు వేసుకోవడానికి అనుమతి ఇచ్చింది ఆ కౌన్సిలే. ఆ అనుమతినే అక్కడ ఫ్రాంచైజ్ అంటారు. 2005 నుంచి ఒక్కొక్క రాష్ట్రమూ ఆ అధికారాన్ని ఊళ్ల చేతిలోంచి తీసుకుని రాజధానికి మార్చుకుంది. ఊళ్లు గట్టిగానే వ్యతిరేకించాయి. చాలాచోట్ల ఓడిపోయాయి.

మన పిల్లలు, బంధువులు ఎందరో ఉంటున్న టెక్సస్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లోనే ఈ తగువు ముందుగా, పెద్దగా జరిగింది. ఎవరి వాదన ఏమిటి, చివరికి ఏం జరిగింది, వేరే రాష్ట్రాల్లో తరాలుగా స్థిరపడ్డ మనలాంటి తెలుగువారికి ఇందులో పనికొచ్చేది ఏముంది అన్నది చూద్దాం.

వీధి ఊరిది, తీగ కంపెనీది

అమెరికాలో కేబుల్ టీవీ 1940ల చివర్లో మొదలైంది. పెన్సిల్వేనియా, ఆరెగాన్ వంటి రాష్ట్రాల కొండ ప్రాంతాల్లో మామూలు యాంటెన్నాకు బొమ్మ సరిగా అందేది కాదు. ఎవరో ఒకరు గుట్ట మీద పెద్ద యాంటెన్నా పెట్టి, అక్కణ్నుంచి ఇళ్లకు తీగలు లాగేవారు. 1990ల మొదట్లో మన వీధుల్లో ఒకే డిష్ పెట్టి వంద ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చినట్టే.

తీగ వేయాలంటే వీధి తవ్వాలి, లేదా వీధి వెంబడి ఉన్న స్తంభాలెక్కాలి. వీధి ఊరి ఆస్తి. కాబట్టి ఊరి అనుమతి కావాలి. ఫ్రాంచైజ్ పుట్టింది ఈ చిన్న అవసరంలోంచే. ఊరి ఆస్తిని వాడుకుని వ్యాపారం చేస్తున్నావు గనక ఊరికి అద్దె కట్టు, ఊరు చెప్పిన పనులు కొన్ని చెయ్యి అన్నది దాని సారాంశం.

ఆ పనుల్లో ఒకటి ఊరివాళ్ల కోసం కొన్ని చానళ్లు వదలడం. న్యూయార్క్ నగరం 1970లో మన్‌హాటన్ కేబుల్ ఒప్పందాల్లో ఈ షరతు పెట్టింది. మామూలు పౌరుడు ఎవరైనా వచ్చి కార్యక్రమం తీసి ప్రసారం చేసుకునే చానల్ అన్నమాట. దీన్ని పబ్లిక్ యాక్సెస్ అంటారు. బడులకు, కాలేజీలకు ఒక చానల్, కౌన్సిల్ సమావేశాలు చూపడానికి ఇంకొకటి కూడా వచ్చాయి. ఈ మూడు రకాలను కలిపి పెగ్ చానళ్లు అని పిలుస్తారు. వలస వచ్చిన సమాజాలు తమ భాషలో వార్తలు, పూజలు, పాటల కార్యక్రమాలు వేసుకోవడానికి వాడుకున్న తలుపు ఇదే. పెద్ద చానళ్లు ఆ భాషల వైపు చూసే రోజులు కావవి.

1984 చట్టం ఊళ్లకు ఏమిచ్చింది

ఈ ఏర్పాటుకు దేశమంతటా ఒక చట్టం రూపం వచ్చింది 1984లో. ఆ సంవత్సరం అమెరికా కాంగ్రెస్ చేసిన కేబుల్ చట్టం ఊళ్లకు కొన్ని హక్కులు ఇచ్చింది, కొన్ని హద్దులు కూడా పెట్టింది.

ఫ్రాంచైజ్ ఫీజు కేబుల్ సేవ మీద కంపెనీకి వచ్చే మొత్తం రాబడిలో 5 శాతం మించకూడదు. పెగ్ చానళ్లు కావాలని ఊరు అడగవచ్చు. పేదలు ఉండే పేటలన్న కారణంతో ఏ ప్రాంతాన్నీ వదిలేయకుండా ఊరు చూసుకోవాలి. పెగ్ కోసం కంపెనీ ఇచ్చే డబ్బు విషయంలో ఒక మెలిక ఉంది. కొత్త ఒప్పందాల్లో కెమెరాలు, స్టూడియో సామాను వంటి పెట్టుబడి ఖర్చుకు ఇచ్చేది మాత్రమే 5 శాతం పరిమితికి బయట ఉంటుంది. జీతాలకూ, రోజువారీ ఖర్చులకూ ఇచ్చేది ఆ 5 శాతంలోనే లెక్క. కెమెరా కొనడానికి వేరే డబ్బు దొరుకుతుంది గానీ కెమెరా పట్టుకునే మనిషి జీతం ఊరు తన వాటాలోంచి ఇచ్చుకోవాలి. ఈ మెలిక తర్వాత చాలా స్టూడియోల ప్రాణం మీదికి వచ్చింది.

1992లో ఇంకో చట్టం వచ్చింది. ఒకే కంపెనీకి గుత్తగా ఫ్రాంచైజ్ ఇవ్వడాన్ని అది నిషేధించింది. రెండో కంపెనీ వస్తే సరైన కారణం లేకుండా కాదనకూడదంది. పెద్ద బుష్ వీటో చేస్తే ఆ వీటోను కూడా కాంగ్రెస్ తోసిపుచ్చి మరీ ఈ చట్టాన్ని నిలబెట్టింది. ఆయన వీటోల్లో అలా వీగిపోయింది ఇదొక్కటే.

అయినా చాలా ఊళ్లలో రెండో కంపెనీ రాలేదు. వీధి వీధికీ మళ్లీ తీగ వేయడం ఖర్చుతో కూడిన పని. కాగితం మీద పోటీ, ఇంటి ముందు ఒకే తీగ. బిల్లు పెరుగుతూ పోయింది, జనానికి కోపం పెరిగింది. ఆ కోపమే తర్వాత ఊళ్లకు ఎదురు తిరిగింది.

ఫోన్ కంపెనీల రాక, టెక్సస్ చట్టం

1996 టెలికాం చట్టం ఫోన్ కంపెనీలు టీవీ వ్యాపారంలోకి రావచ్చని తలుపు తీసింది. దాదాపు పదేళ్లకు అవి నిజంగా వచ్చాయి. వెరైజన్ కంపెనీ ఇళ్లకు నేరుగా ఫైబర్ వేసి, 2005 సెప్టెంబరులో టెక్సస్‌లోని కెల్లర్ అనే పట్టణంలో తన మొదటి టీవీ సేవ మొదలుపెట్టింది. కెల్లర్ డల్లాస్–ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలోనే ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వింగ్, ఫ్రిస్కో ఉన్నదీ అక్కడే. తర్వాత ఏటీ అండ్ టీగా మారిన ఎస్‌బీసీ కూడా తన పాత ఫోన్ నెట్‌వర్క్‌ను బాగుచేసి టీవీ ఇస్తానంది.

వాళ్లకు ఎదురైన ఇబ్బంది ఫ్రాంచైజ్. దేశంలో ఫ్రాంచైజ్ ఇచ్చే స్థానిక సంస్థలు 30 వేలకు పైగా ఉన్నాయని లెక్క. ప్రతి ఊళ్లో విడిగా బేరం, విడిగా హియరింగ్, విడిగా షరతులు. ఇలా అయితే ఏళ్లు పడుతుందని ఫోన్ కంపెనీలు రాష్ట్ర శాసనసభల వైపు తిరిగాయి.

ముందు ఒప్పుకున్నది టెక్సస్. 2005లో ప్రత్యేక సమావేశంలో శాసనసభ ఐదో నంబరు సెనేట్ బిల్లును ఆమోదించింది, గవర్నర్ రిక్ పెరీ సెప్టెంబరులో సంతకం చేశారు. దాంతో కొత్త కంపెనీ ఏ ఊరి కౌన్సిల్ గడపా తొక్కక్కర్లేదు. రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్‌కు దరఖాస్తు పెడితే 17 పనిదినాల్లో సర్టిఫికెట్ రావాలి. 5 శాతం ఫీజు ఊళ్లకే వెళుతుంది. కానీ ఊరంతటికీ తీగ వేయాలన్న షరతు మాత్రం కంపెనీ మీద లేదు.

2006లో కాలిఫోర్నియా, ఇండియానా, కాన్సస్, నార్త్ కరోలినా, సౌత్ కరోలినా, న్యూజెర్సీ ఇలాంటి చట్టాలు చేశాయి. 2007లో ఫ్లోరిడా, జార్జియా, ఒహాయో, ఇల్లినాయ్, విస్కాన్సిన్ వంటివి చేరాయి. 2008 అయ్యేసరికి సుమారు 20 రాష్ట్రాలు ఈ దారిలోకి వచ్చాయి. హవాయి, వెర్మాంట్ వంటి కొన్ని రాష్ట్రాల్లో అంతకు ముందునుంచే కేబుల్ వ్యవహారం రాష్ట్రమే చూసుకునేది.

కంపెనీల మాటలో నిజం ఎంత

ఊళ్ల పక్షం వినే ముందు కంపెనీల వాదనను న్యాయంగా చూడాలి. అందులో నిజం లేకపోలేదు.

రెండో తీగ వచ్చిన ఊళ్లలో కేబుల్ ధర తగ్గుతుందన్నది వట్టి ప్రచారం కాదు. అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ 2003లో ఇచ్చిన నివేదికలో, తీగల మీద పోటీ ఉన్న చోట ధరలు సుమారు 15 శాతం తక్కువగా ఉన్నట్టు తేల్చింది. కొన్ని ఊళ్లు నెలల తరబడి ఫైలు కదపకపోవడమూ నిజమే. కేబుల్‌తో సంబంధంలేని పనులు కూడా కొందరు అడిగేవారని కంపెనీలు గోలపెట్టాయి.

ఊరి కౌన్సిళ్లన్నీ కడిగిన ముత్యాలేమీ కావు. పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్‌లో ఫ్రాంచైజ్ కోసం అధికారులకు లంచం ఇచ్చిన కేసులో, అప్పటి పెద్ద కేబుల్ కంపెనీ టెలిప్రాంప్టర్ అధిపతి ఇర్వింగ్ కాన్ 1971లో దోషిగా తేలారు. పది మంది కౌన్సిలర్ల చేతిలో కోట్ల విలువైన అనుమతి ఉంటే ఏమవుతుందో మన మున్సిపాలిటీలు చూసిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఊళ్లు ఎందుకు వద్దన్నాయి

నేషనల్ లీగ్ ఆఫ్ సిటీస్, మేయర్ల సదస్సు, కౌంటీల సంఘం, స్థానిక టెలికాం అధికారుల సంఘమైన నటోవా ఒక్కమాట మీద నిలిచాయి. పోటీ వద్దని వాటి వాదన కాదు. పోటీ రావడానికి మా అధికారం ఎందుకు తీసేయాలి అన్నది వాటి ప్రశ్న. వాటి అభ్యంతరాలు స్థూలంగా నాలుగు.

మొదటిది పేద పేటల సంగతి. ఎస్‌బీసీ 2004లో పెట్టుబడిదారులకు తన ప్రణాళిక వివరిస్తూ, ఎక్కువ ఖర్చుపెట్టే ఖాతాదారుల్లో 90 శాతానికి, మధ్యస్థుల్లో 70 శాతానికి, తక్కువ ఖర్చుపెట్టేవాళ్లలో 5 శాతంలోపు మందికి కొత్త నెట్‌వర్క్ అందుతుందని చెప్పింది. ఊళ్లకు ఇంతకంటే మంచి ఆధారం ఇంకెవరూ ఇవ్వలేకపోయేవారు. పాత కేబుల్ కంపెనీని ఊరంతా తీగ వేయమని బలవంతపెట్టింది ఊరి ఫ్రాంచైజే. ఆ షరతు పోతే కంపెనీ కలిగినవాళ్ల కాలనీలు చూసుకుని, మిగతావి వదిలేస్తుందని భయం.

రెండోది రోడ్లు. తవ్వింది ఎవరైనా గుంత కనిపించేది ఊళ్లోనే. జనం తిట్టేది మేయర్‌నే. అనుమతి రాజధానిలో ఇచ్చి, గుంత పూడ్చే బాధ్యత ఊరికి వదిలితే ఎలా అని ఊళ్లు అడిగాయి. చాలా రాష్ట్ర చట్టాలు తవ్వకాల మీద అదుపును ఊళ్లకే ఉంచాయి. కానీ ఒప్పందం రద్దు చేస్తామని బెదిరించే శక్తి లేని అదుపు అది.

మూడోది ఫిర్యాదులు. కనెక్షన్ పోయినా, బిల్లు తప్పుపడినా ఊరివాళ్లు సిటీ హాల్‌కే ఫోన్ చేస్తారు. ఫ్రాంచైజ్ గడువు తీరబోతుంటే ఆ ఫోన్లకు విలువ ఉండేది. పదిహేనేళ్లకోసారైనా కంపెనీ కౌన్సిల్ ముందు నిలబడి, ఊరివాళ్ల మాటలు వినాల్సి వచ్చేది. రాష్ట్ర సర్టిఫికెట్‌కు అలాంటి హియరింగ్ లేదు.

నాలుగోది పెగ్ చానళ్లు. స్టూడియో, శిక్షణ, ఉచిత కనెక్షన్లు అన్నీ ఊరు బేరమాడి తెచ్చుకున్నవి. రాష్ట్రమంతటికీ ఒకే నమూనా కాగితం వస్తే, బేరం ఆడేవాడే ఉండడు.

ఊళ్లు ఎందుకు ఆపలేకపోయాయి

ఇక్కడ ఒక మౌలిక విషయం ఉంది. అమెరికా రాజ్యాంగంలో కేంద్రం ఉంది, రాష్ట్రాలు ఉన్నాయి. ఊళ్ల ప్రస్తావనే లేదు. అయోవా రాష్ట్ర న్యాయమూర్తి జాన్ డిలన్ 1868లో చెప్పిన సూత్రం ప్రకారం మున్సిపాలిటీ రాష్ట్రం సృష్టించినది, రాష్ట్రం ఇచ్చినంతే దాని అధికారం. దీన్నే డిలన్ సూత్రం అంటారు. కొన్ని రాష్ట్రాలు ఊళ్లకు స్వపరిపాలన హక్కులు ఎక్కువగా ఇచ్చాయి గానీ, మొత్తం మీద ఇచ్చిన చెయ్యే తీసుకోవచ్చు. అందుకే ఊళ్లు కోర్టుల కంటే శాసనసభల్లోనే ఎక్కువగా పోరాడాయి. అక్కడ ఫోన్ కంపెనీల లాబీ ముందు నిలవలేకపోయాయి.

అదే సమయంలో వాషింగ్టన్ నుంచి ఇంకో దెబ్బ వచ్చింది. దేశం మొత్తానికి ఒకే ఫ్రాంచైజ్ ఉండాలన్న బిల్లును ప్రతినిధుల సభ 2006 జూన్‌లో 321–101 ఓట్లతో ఆమోదించింది. సెనేట్‌లో అది ముందుకు కదలక ఆగిపోయింది. కానీ అదే ఏడాది డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 3–2 ఓట్లతో కొత్త నియమం చేసింది. ఊళ్లో తీగ వేసే హక్కు అప్పటికే ఉన్న కంపెనీ దరఖాస్తు చేస్తే 90 రోజుల్లో, మిగతావాళ్లకు 180 రోజుల్లో ఊరు తేల్చాలి. పెగ్ ప్రసార సంస్థల కూటమి, ఊళ్లు కలిసి కోర్టుకు వెళ్లాయి. 2008లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఎఫ్‌సీసీ పక్షానే తీర్పు చెప్పింది.

తర్వాత ఏమైంది

లాస్ ఏంజిలస్‌లో పబ్లిక్ యాక్సెస్ స్టూడియోలు కేబుల్ కంపెనీ ఖర్చుతో నడిచేవి. కాలిఫోర్నియా కొత్త చట్టం ప్రకారం ఆ బాధ్యత తీరిపోయింది. 2009 మొదలయ్యేసరికి టైమ్ వార్నర్ కేబుల్ వాటిని మూసేసింది. పెగ్ కోసం రాబడిలో 1 శాతం దాకా అదనంగా వసూలు చేసుకునే వీలు ఊళ్లకు ఉంది. కానీ పైన చెప్పిన మెలిక వల్ల అది సామానుకే పనికొస్తుంది, మనుషుల జీతాలకు కాదు.

విస్కాన్సిన్ చట్టం పెగ్ కోసం కంపెనీలు ఇచ్చే డబ్బును కొద్దేళ్లు మాత్రమే కొనసాగనిచ్చి, 2011 నుంచి ఆపేసింది.

మిషిగన్‌లో కామ్‌కాస్ట్ 2008 జనవరిలో పెగ్ చానళ్లను మామూలు వరసలోంచి తీసి, సెట్‌టాప్ బాక్స్ ఉంటేనే కనిపించే 900 అంకెల చానళ్లకు మార్చబోయింది. డియర్‌బార్న్ నగరం, మెరిడియన్ టౌన్‌షిప్ కోర్టుకెక్కాయి. ఫెడరల్ న్యాయమూర్తి విక్టోరియా రాబర్ట్స్ దాన్ని తాత్కాలికంగా ఆపారు. డియర్‌బార్న్ అంటే అరబ్ అమెరికన్లు పెద్దసంఖ్యలో ఉన్న ఊరు. తన కౌన్సిల్ చానల్ ఎక్కడ కనిపించాలన్నది ఆ ఊరికి చిన్న విషయం కాదు.

ఏటీ అండ్ టీ తన టీవీ సేవలో ఊళ్ల చానళ్లన్నిటినీ 99వ నంబరు కింద ఒక మెనూలో పెట్టింది. చానల్ మార్చుతూ పోయేవాడికి అవి తగలవు. మెనూ తెరిచి ఊరి పేరు వెతుక్కుని వేచి ఉండాలి. దీని మీద 2009లో ఎఫ్‌సీసీకి ఫిర్యాదు వెళ్లింది. చానల్ తీసేయలేదు, ఎవరూ చూడని మూలకు నెట్టారు అన్నది ఫిర్యాదుదారుల బాధ. మన చానల్ 200 నుంచి 900కు మారినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు పడే అవస్థ తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇంకోవైపు రెండో తీగ చాలా ఇళ్లకు నిజంగానే వచ్చింది. ఎంచుకునే వీలు పెరిగింది. కాలిఫోర్నియా తన చట్టంలో పెద్ద ఫోన్ కంపెనీలకు తక్కువ ఆదాయం ఇళ్లకూ సేవ అందించాలన్న లెక్కలు పెట్టింది. ఊళ్లు ముందునుంచి గోల చేయకపోతే ఆ మాత్రం షరతు కూడా ఉండేది కాదేమో.

ఇప్పుడు కేబుల్ కనెక్షన్లే తగ్గిపోతున్నాయి. జనం నెట్‌ఫ్లిక్స్ లాంటివి చూస్తున్నారు. కేబుల్ రాబడి తగ్గితే ఊరికి వచ్చే 5 శాతమూ తగ్గుతుంది. స్ట్రీమింగ్ కంపెనీలూ ఫీజు కట్టాలని కొన్ని ఊళ్లు కేసులు వేశాయి. ఒహాయోలో మేపుల్ హైట్స్ వేసిన కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2022లో కాదంది. నెట్‌ఫ్లిక్స్, హులూ ఊరి వీధుల్లో సొంత తీగలేమీ వేయలేదు కదా అన్నది దాని తర్కం. వీధి మీద హక్కుతో మొదలైన ఊరి అధికారం, వీధితో పని లేని టీవీ రాగానే ఇంకా పల్చబడింది.

మన దేశంలో ఊరికి వాటాయే లేదు

అమెరికా ఊళ్లు పోగొట్టుకున్న అధికారం మన మున్సిపాలిటీలకు ఎప్పుడూ లేదు. మన రాజ్యాంగంలో ప్రసారాలు, టెలిఫోన్లు కేంద్ర జాబితా 31వ అంశంలో ఉన్నాయి. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ మున్సిపాలిటీలకు 12వ షెడ్యూల్‌లో 18 పనులు సూచించింది. వాటిలో రోడ్లు ఉన్నాయి, వీధి దీపాలు ఉన్నాయి, కేబుల్ లేదు.

1995 కేబుల్ చట్టం ప్రకారం ఆపరేటర్లు హెడ్ పోస్టాఫీసులో పేరు నమోదు చేసుకునేవారు. జెమిని, ఈటీవీ తెలుగు ఇళ్లలోకి వచ్చిన సంవత్సరం కూడా 1995. ఆ రోజుల్లో ఏ చానల్ ఇవ్వాలో వీధిలోని ఆపరేటరే తేల్చేవాడు. పది తెలుగు ఇళ్లవాళ్లు వెళ్లి అడిగితే వినేవాడు కూడా. 2012లో మహానగరాలతో మొదలై 2017 దాకా సాగిన డిజిటల్ మార్పు తర్వాత నిర్ణయం ఎంఎస్‌ఓ అనే పెద్ద పంపిణీ సంస్థ కంట్రోల్ రూమ్‌కు వెళ్లిపోయింది. మన ఆపరేటర్ "పైనుంచి" అనేది అందుకే.

రాష్ట్రాలు కూడా రంగంలోకి దిగాయి. తమిళనాడు 2007లో అరసు కేబుల్ సంస్థను పెట్టింది, 2011లో దాన్ని మళ్లీ లేపి నెలకు 70 రూపాయలకు కనెక్షన్లు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2015లో ఫైబర్‌నెట్ సంస్థ పెట్టింది. ఇక్కడ వ్యతిరేకత కిందినుంచి కాక పైనుంచి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వాలు గానీ, స్థానిక సంస్థలు గానీ చానళ్ల పంపిణీ వ్యాపారంలో ఉండకూడదని ట్రాయ్ 2012లో సిఫార్సు చేసింది. చివరికి 2017లో అరసు కేబుల్‌కు కేంద్రం డిజిటల్ లైసెన్సు ఇచ్చింది. ఈ వాదులాటలో కేంద్రం ఉంది, రాష్ట్రం ఉంది. ఊరు మాత్రం ఎక్కడా లేదు.

లెక్క ఎక్కడ వేస్తారన్నదే అసలు సంగతి

2011 జనగణన ప్రకారం తమిళనాడులోనూ, కర్ణాటకలోనూ తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 6 శాతం కంటే కాస్త తక్కువ. ఒడిశా, మహారాష్ట్రల్లో ఇంకా తక్కువ. చెన్నైలోనో బెంగళూరులోనో కూర్చుని రాష్ట్రం మొత్తానికి లెక్క వేసేవాడికి మనం చిన్న గుంపు. అదే హోసూరు, బరంపురం, రాయగడ, బళ్లారి వీధుల్లో వేస్తే లెక్క మారిపోతుంది. యానాంలో అయితే ఊరంతా మనమే. కానీ యానాం రాజధాని పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్ల దూరాన ఉంది.

ఇది ఊహ కాదు, నిబంధనల్లో ఉన్న మాటే. 2017లో ట్రాయ్ తెచ్చిన ఇంటర్‌కనెక్షన్ నిబంధనల్లో ఒకటి ఇలా ఉంది. ఒక పంపిణీ సంస్థ తన టార్గెట్ మార్కెట్‌గా ప్రకటించిన ప్రాంతంలో, వరసగా ఆరు నెలలు ఒక చానల్‌ను తీసుకున్నవాళ్లు 5 శాతం కంటే తక్కువ ఉంటే, ఆ చానల్‌ను కొనసాగించి తీరాలన్న బాధ్యత దాని మీద ఉండదు. ఆ ప్రాంతం ఎంత అన్నది ప్రకటించేది సంస్థే. ప్రాంతం చిన్నదైతే తెలుగు చానల్ 5 శాతం సులువుగా దాటుతుంది. పెద్దదైతే ఊరు నిండా తెలుగు ఇళ్లున్నా లెక్కలో కరిగిపోవచ్చు.

అమెరికా ఊళ్లు ఇరవై ఏళ్ల కింద చెప్పిన మాట ఇదే. అధికారం దూరం జరిగే కొద్దీ పెద్ద గుంపుకు పెద్ద నష్టం ఉండదు, దాని గొంతు ఎక్కడైనా వినబడుతుంది. చిన్న గుంపుకు దగ్గరి తలుపే తలుపు. ఆ తలుపు వెనక ఉన్నవాళ్లు ఎప్పుడూ మంచివాళ్లే కాకపోవచ్చు. జాన్స్‌టౌన్ సంగతి చూశాం. అయినా వచ్చే ఎన్నికల్లో మన వీధికి ఓటు అడగడానికి రావలసిన మనిషి, రాజధానిలో సంతకం పెట్టే మనిషి ఒకటి కాదు.

చేతిలో ఉన్న పనులు

చట్టం మార్చడం మన ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఉన్న నిబంధనల్లోనే పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి.

2019 ఫిబ్రవరి నుంచి చానళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు ఉంది. పంపిణీ సంస్థ నెట్‌వర్క్‌లో ఉన్న తెలుగు చానల్‌ను ప్యాకేజీలో లేదన్న సాకుతో ఇవ్వననడానికి వీల్లేదు. విడిగా అడిగి తీసుకోండి. అలా తీసుకున్న ప్రతి ఇల్లూ ఆ 5 శాతం లెక్కలోకి వస్తుంది. తెలుగు చానల్ కోసం కేబుల్ మానేసి డిష్‌కు మారిన ఇల్లు కేబుల్ సంస్థ లెక్కలోంచి పోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

చానల్ ఆగిపోతే ఆపరేటర్‌తో మాటలతో సరిపెట్టకండి. పంపిణీ సంస్థ కాల్ సెంటర్‌లో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. తేలకపోతే ఆ సంస్థ రాష్ట్రానికి నియమించిన నోడల్ అధికారికి రాతపూర్వకంగా పంపండి. విడి ఫిర్యాదులను ట్రాయ్ తానుగా విచారించదు, కాబట్టి నేరుగా అక్కడికి రాసి ఎదురుచూడటం వల్ల ఆలస్యమే. వినియోగదారుల ఫోరం దారి ఎప్పుడూ ఉంది.

ఒక్కో ఇల్లు విడిగా రాసే బదులు ఊరి తెలుగు సంఘం పేరున, ఇళ్ల సంఖ్య, కనెక్షన్ నంబర్లతో ఒకే అర్జీ వెళితే దానికి బరువు వేరు. మీ ఆపరేటర్‌ను శత్రువుగా చూడకండి. అతనిదీ మన ఊరే, తెలుగు ఇళ్లు పోతే నష్టపోయేది అతనూ. అర్జీ మీద అతని సంతకం కూడా పెట్టించండి.